నల్లమందు నుంచి నాలుక కింది బిళ్ళ దాకా

1846 జూలైలో పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు రాయలసీమలోని కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న ఆయన్ని అదే ఊళ్ళో ఉరి తీశారు. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన వాళ్ళకు ఈ కథ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ దాడి ఖజానా మీదే ఎందుకు జరిగిందో గుర్తుంచుకోవాలి. 1800లో నిజాం ఈస్టిండియా కుంఫిణీకి అప్పగించిన దత్త మండలాల్లో ఈ తాలూకా ఒక ముక్క. జనానికి కనిపించే సర్కారు అంటే తాలూకా కచేరీయే. శిస్తు కట్టేది అక్కడ, పింఛను అడుక్కునేది అక్కడ, అవమానపడేదీ అక్కడే. 1858 దాకా కడప కలెక్టరు కింద ఉన్న కోయిలకుంట్ల ఆ ఏడాది కర్నూలు జిల్లాలో చేరింది. ఆ తరవాతి దశాబ్దాల్లో కచేరీల లెక్క పుస్తకాల్లో శిస్తు పద్దు పక్కన మరో పద్దు పెద్దదవుతూ వచ్చింది. దాని పేరు ఆబ్కారీ. సారా, కల్లు, గంజాయి, నల్లమందు అన్నీ అందులోవే.

సారా గురించి తెలుగువాళ్ళు చాలా రాసుకున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన పోరాటం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం మన రాజకీయ జ్ఞాపకంలో భాగమయ్యాయి. కల్లు మీద పాటలున్నాయి, కులవృత్తి ఉంది, సంఘాలున్నాయి. నల్లమందుకు అవేవీ లేవు. ఒకప్పుడు సర్కారు లైసెన్సు ఇచ్చి అమ్మించిన సరుకు అది. దానికి అలవాటుపడినవాళ్ళ పేర్లు రాసుకుని, కొలిచి ఇచ్చే పద్ధతి కూడా ఒకప్పుడు ఈ దేశంలో నడిచింది. ఆ సంగతి చెప్పేవాళ్ళే కరువయ్యారు. అందుకే సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్ళకు బిళ్ళ ఇచ్చి ఆదుకోవాలని ఇవాళ డాక్టర్లు చెబితే, అదేదో బయటి దేశం నుంచి దిగిన వింత ఆలోచన అనుకుంటారు. అది నిజం కాదు.

నల్లమందు మనకు పరాయి సరుకు కాదు, మన పొలాల్లో పండిన సరుకూ కాదు. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలను ఎండబెడితే వచ్చేది అది. ఆ పాలలోనే మార్ఫిన్, కోడీన్ ఉంటాయి. సీమ వంటింట్లో మాంసం కూరలోకి నూరే గసగసాల్లో ఆ మత్తు దాదాపు ఉండదు కాబట్టే అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. సంస్కృత వైద్య గ్రంథాల్లో శార్ఙ్గధర సంహిత నాటికే నల్లమందు అహిఫేనం అనే పేరుతో ఒక ఔషధంగా కనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీకి సరుకు ప్రధానంగా మాళవం నుంచి వచ్చేది. అంటే అది పండేది ఎక్కడో, అమ్ముడయ్యేది ఇక్కడ. మధ్యలో సుంకం సర్కారుకు.

జనం దాన్ని మత్తు కోసమే కొన్నారనుకుంటే పొరపాటు. నల్లమందు నొప్పిని చంపుతుంది, దగ్గును ఆపుతుంది, విరేచనాలు కడుతుంది, ఆకలిని మరిపిస్తుంది. 1876-78 కరువును తలుచుకుంటే ఈ నాలుగు గుణాల విలువ ఎంతో అర్థమవుతుంది. ఆ కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బకొట్టిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. కరువు వెనకే కలరా వచ్చింది. డాక్టరు అందుబాటులో లేని కాలంలో విరేచనాలు కట్టే ఏ మందైనా జనం చేతికి తీసుకుంటారు. దొరల ఇళ్ళలో వాడిన క్లోరోడైన్ సీసాలో ఉన్నదీ నల్లమందు సారమే. బంగళాలో మందుసీసాగా, ఊళ్ళో దుకాణంలో ఉండ రూపంలో అమ్ముడైంది ఒకే పదార్థం.

అన్నిటికన్నా బాధపెట్టే వాడకం పసిపిల్లలది. కూలికి పోయే తల్లి బిడ్డ ఏడవకుండా పడుకోవాలని ఆవగింజంత నల్లమందు నాకించడం దేశంలో చాలా చోట్ల ఉండేది. బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్ళలో ఇది ఎంతగా ఉండేదో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో లేడీ డాక్టర్లు రాసిపెట్టారు. ఆవగింజ కాస్త పెద్దదైతే బిడ్డ ఊపిరి ఆగిపోతుంది. ఇక్కడ తల్లిని తప్పుపట్టడం చాలా తేలిక. కానీ బిడ్డను చంకనేసుకుని మిరపకోతకు పోతే కూలి తగ్గించే మేస్త్రీ ఉన్నచోట ఆ తల్లికి మిగిలిన దారి ఏమిటన్నది అప్పుడు ఎవరూ అడగలేదు.

1878 నాటి ఓపియం చట్టం సాగు, నిల్వ, రవాణా, అమ్మకం అన్నిటినీ సర్కారు అనుమతి కిందికి తెచ్చింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం సారా, కల్లు, మత్తు పదార్థాల వ్యవహారాన్ని గట్టిగా బిగించింది. దుకాణం పెట్టే హక్కు వేలంలో పాడుకోవాలి. కొన్నవాడు ఎక్కువ పాడితే సర్కారుకు లాభం, ఎక్కువ అమ్మితే కొన్నవాడికి లాభం. ఈ రెండు లాభాల నడుమ తాగేవాడి, తినేవాడి ఆరోగ్యం ఎవరి పద్దులోనూ చేరలేదు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు రగలడానికి కల్లు మీద పన్నూ ఆంక్షలూ ఒక ముఖ్య కారణమన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆబ్కారీ ఎంత లోతుకు చొచ్చుకుపోయిందో ఆ కొండల జనం తమ ప్రాణాలతో చూపించారు.

ఆ కొండలే, ఆ గోదావరి తీరమే నల్లమందు చరిత్రలో మళ్ళీ కనిపిస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో నల్లమందు వాడకం ఎక్కువని పేరుపడ్డవి గోదావరి, విశాఖ జిల్లాలు. ఆ పేరు సీమ జిల్లాలకు రాలేదు. అధికారులు దానికి చెప్పిన కారణం చలిజ్వరం. మన్యం గాలి పడని వాళ్ళు, పడినవాళ్ళు కూడా జ్వరం రాకుండా నల్లమందు తింటారని చెప్పేవారు. నిజంగా రక్షణ ఉందా అన్న ప్రశ్న 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ ఓపియం కమిషన్ ముందుకూ వచ్చింది. లార్డ్ బ్రాసీ అధ్యక్షుడు, దర్భంగా మహారాజు లక్ష్మేశ్వర్ సింగ్, హరిదాస్ విహారీదాస్ దేశాయ్ భారతీయ సభ్యులు. 700 మందికి పైగా సాక్షులు, 28,000 దాకా ప్రశ్నలు. 1895లో వచ్చిన నివేదిక, నల్లమందును ఇండియాలో మితంగా వాడుతున్నారని, నిషేధించాల్సిన పని లేదని తేల్చింది. హెన్రీ విల్సన్ అనే ఒక్క సభ్యుడు విభేదించి తన అభిప్రాయం విడిగా రాశాడు. సర్కారు ఆదాయాన్ని కాపాడాలన్న కోరిక ఆ నివేదిక మీద ఎంత నీడ పరిచిందో విల్సన్ రాతలు చదివితే తెలుస్తుంది.

రెండేళ్ళు తిరిగాక, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. జ్వరానికి కారణం గాలి కాదు, దోమ అని తేలింది. నల్లమందు తిన్నంత మాత్రాన దోమ కుట్టడం మానదు. అయినా అలవాటు ఆగలేదు. జ్వరంలో ఒళ్ళు నొప్పులు తగ్గిస్తుంది కాబట్టి జనం తింటూనే ఉన్నారు, దుకాణాలు అమ్ముతూనే ఉన్నాయి.

మార్పు బయటి లెక్కల వల్ల మొదలైంది. 1924-25లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశాల కాలంలో నానాజాతి సమితి నిపుణులు ఒక కొలత పెట్టారు. పదివేల మందికి ఏడాదికి 6 శేర్ల నల్లమందు వైద్య అవసరాలకు చాలునని. శేరు అంటే 80 తులాలు, 933 గ్రాములు. లెక్క వేస్తే తలా అర గ్రాముకు కొంచెం పైన, ఏడాది మొత్తానికి. దానికి అయిదు రెట్లు, అంటే పదివేల మందికి 30 శేర్లు దాటిన ప్రాంతాలను ప్రత్యేకంగా విచారించాలని ఇండియా ప్రభుత్వం రాష్ట్రాలకు చెప్పింది. సి.ఎఫ్. ఆండ్రూస్ 1926లో ఇండియాలో నల్లమందు కీడు గురించి పుస్తకం రాసి బ్రిటన్ బాధ్యతను నిలదీశాడు. అస్సాంలో కాంగ్రెస్ తన సొంత విచారణ సంఘాన్ని వేసుకుంది. నల్లమందు ప్రశ్న ఆబ్కారీ లెక్కల నుంచి స్వరాజ్య ప్రశ్నగా మారింది.

అప్పుడు కోయిలకుంట్ల ఒక విచిత్రమైన సరిహద్దులో ఉంది. రాజాజీ మంత్రివర్గం 1937 మద్రాసు మద్యనిషేధ చట్టాన్ని తెచ్చి మొదట సేలంలో, 1938లో చిత్తూరు, కడప జిల్లాల్లో అమలు చేసింది. కడప జిల్లా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు వెళ్తే నిషేధం. కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల వైపు తిరిగితే ఇంకా లేదు. ఒకే రకం నల్లరేగడి, ఒకే మాట, ఒకే ఎండ. జిల్లా గీత దాటితే చట్టం వేరు. నిషేధం ఎప్పుడూ గీత దగ్గరే బలహీనపడుతుందన్న పాఠం ఈ ప్రాంతం చాలా ముందుగానే చూసింది. తరవాత మద్రాసు రాష్ట్రం మొత్తానికీ నిషేధం విస్తరించింది.

ఆంధ్ర రాష్ట్రం పుట్టాక కర్నూలు రాజధాని అయింది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం వివాదంలోనే పడిపోయింది. నిషేధాన్ని పరిశీలించిన రామమూర్తి కమిటీ సిఫార్సుల విషయంలో వచ్చిన గొడవ 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం దాకా పోయింది. ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం కూలింది. మత్తు మీద సర్కారు విధానం ఒక తెలుగు ప్రభుత్వాన్నే కూల్చింది, అదీ కర్నూలు అసెంబ్లీలో. తెలుగు రాజకీయ చరిత్రకారులు ఈ ఘట్టాన్ని ముఠా తగాదాగానే చెబుతారు. అందులో నిషేధం మంచిదా కాదా అన్న అసలు వాదన మరుగున పడిపోయింది.

సరిగ్గా అదే కాలంలో, ఆ రొద లేకుండా, నల్లమందు మీద మరో పని నడుస్తోంది. 1949లో జరిగిన అఖిల భారత ఓపియం సమావేశం ఒక నిర్ణయం తీసుకుంది. తినడానికి ఇచ్చే నల్లమందు సరఫరాను ఏడాదికి పదో వంతు చొప్పున తగ్గించుకుంటూ పోయి పదేళ్ళలో సున్నాకు తేవాలని. 1959 ఏప్రిల్ 1 నాటికి వైద్య, శాస్త్ర అవసరాలకు తప్ప నల్లమందు తినడం చట్టవిరుద్ధం కావాలి. మరి ముప్పై ఏళ్ళుగా తింటున్న ముసలాయన సంగతేమిటి? అలాంటివాళ్ళను డాక్టరు పరీక్షించాలి, అలవాటు నిజమని తేలితే పేరు నమోదు చేయాలి, పర్మిట్ ఇచ్చి లెక్క ప్రకారం సరుకు అందించాలి.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. రిజిస్టరులో పేరు ఎక్కించుకోవడానికి సిగ్గుపడిన వాళ్ళుంటారు. కచేరీకి రాలేని వాళ్ళుంటారు. దొంగచాటు సరుకు కొనుక్కునే వాళ్ళుంటారు. అయినా ఆ ఆలోచనలో ఉన్న మర్యాదను ఒప్పుకోవాలి. అలవాటుపడిన మనిషిని దొంగగా చూడలేదు. ఒక్క రోజులో మానమని చెప్పలేదు. శరీరం అలవాటుపడిందంటే దానికి కొంత మోతాదు అవసరమని, ఆ మోతాదు బజారులో కాక డాక్టరు చేతి మీదుగా పోతే ప్రాణానికి క్షేమమని సర్కారు కాగితం మీద రాసి ఒప్పుకుంది. ఇంగ్లండులో రోలెస్టన్ కమిటీ 1926లో డాక్టర్లకు ఇలాంటి అనుమతే ఇచ్చింది. అమెరికాలో అయితే 1914 హారిసన్ చట్టం తరవాత అలవాటుపడిన వాడికి మార్ఫిన్ రాసిన డాక్టర్లే కేసుల్లో ఇరుక్కున్నారు. ఈ రెంటిలో మనదేశం ఎటు నిలబడిందో గుర్తుపెట్టుకోదగ్గది.

రిజిస్టర్లు మెల్లగా ఖాళీ అయ్యాయి. పేరున్నవాళ్ళు వయసుపైబడి పోయారు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం మందుకు కాని నల్లమందు వాడకానికి గడువులు పెట్టింది. 1985 నవంబరు 14న ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చాక మాదకద్రవ్యాలంటే పోలీసు, జైలు, బెయిలు దొరకని కేసు అన్న భావన స్థిరపడింది. అదే చట్టంలోని 64ఎ సెక్షను చికిత్సకు ముందుకొచ్చే అలవాటుపరుడికి రక్షణ కల్పిస్తుందని, 71వ సెక్షను చికిత్స కేంద్రాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇస్తుందని ఎంతమంది చెప్పగలరు? చట్టంలో శిక్షల అధ్యాయం చదివినంత శ్రద్ధగా ఆ సెక్షన్లను ఎవరూ చదవలేదు.

ఈలోగా మత్తు రూపం మార్చుకుంది. ఉండ పోయి సూది వచ్చింది. పొడి హెరాయిన్, నొప్పులకిచ్చే పెంటాజోసిన్, అసలు చికిత్సకు పనికొచ్చే బ్యూప్రినార్ఫిన్ ఆంపూల్ కూడా సిరంజిలోకి చేరాయి. నల్లమందు తినే ముసలాయన ప్రమాదం తన ఒక్కడి ఒంట్లోనే ఉండేది. సూది చేతులు మారితే ఒకరి రక్తం మరొకరి నరంలోకి పోతుంది.

1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి దేశంలో మొదటి హెచ్‌ఐవి కేసులను కనిపెట్టారు. నాలుగేళ్ళు తిరక్కుండా మణిపూర్‌లో ఏం జరిగిందో వైద్యచరిత్రలో నిలిచిపోయింది. సూది వాడేవాళ్ళ నమూనాల్లో 1989 సెప్టెంబరులో హెచ్‌ఐవి ఒక్కరిలోనూ లేదు. 1990 జూన్ నాటికి సగం మందిలో ఉంది. తొమ్మిది నెలలు. శృంగారం ద్వారా అది సోకేచోట ఇంత వేగం సాధారణంగా కనపడదు. సూది వాడేచోట శుభ్రమైన సిరంజి లేకపోతే ఏమవుతుందో అంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. తెలుగు జిల్లాలకు దగ్గరి నగరమైన చెన్నైలోనూ 2000 దశకం మధ్యలో జరిగిన పరిశీలనల్లో సూది వాడేవాళ్ళలో నాలుగో వంతుకు తగ్గకుండా హెచ్‌ఐవి ఉందని తేలింది.

ఆంధ్రప్రదేశ్ కథ దీనికి భిన్నంగా నడిచింది. ఇక్కడ హెచ్‌ఐవి ఎక్కువగా పెళ్ళి, ప్రేమ, లారీ దారులు, వలస, సెక్స్ వృత్తి దారుల్లోనే వ్యాపించింది. 2019 జాతీయ అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవి శాతం మిజోరాంలో 2.32, నాగాలాండ్‌లో 1.45, మణిపూర్‌లో 1.18 ఉంటే, ఆ తరవాతి స్థానం 0.69తో ఆంధ్రప్రదేశ్‌దే. అంటే మొత్తం రాష్ట్రంలో మూడు లక్షలకు పైగా మనుషులు. ఈ సంఖ్య ముందు సూది వాడే కొద్దిమంది కనుమరుగయ్యారు. హెచ్‌ఐవి పోరాటం అంటే కండోమ్, గర్భిణికి పరీక్ష, భర్త పోయిన యువతికి అండ. అదంతా అవసరమే, ప్రాణాలు నిలబెట్టిన పనే. అయితే మత్తుకు అలవాటుపడినవాడు ఇటు పోలీసుకు నేరస్తుడిగా, అటు ఆరోగ్య శాఖకు లెక్కలోకి రాని మనిషిగా మిగిలాడు.

సూది వాడేవాళ్ళు కొద్దిమందేనన్న ఈ లెక్క తప్పని 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వచ్చిన జాతీయ సర్వే చూపించింది. దేశంలో నల్లమందు, హెరాయిన్, నొప్పి మందుల కోవలోని మత్తు వాడేవాళ్ళు జనాభాలో 2.06 శాతం. సూది ద్వారా మత్తు ఎక్కించుకునేవాళ్ళు ఎనిమిదిన్నర లక్షలు. ఈ కోవ మత్తుతో చిక్కుల్లో పడినవాళ్ళలో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారని చెబుతూ సర్వే ఇచ్చిన జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. అది పెద్ద వార్త కావాల్సింది. కాలేదు.

చికిత్స ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1965లో న్యూయార్క్‌లో డాక్టర్లు విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ 22 మంది హెరాయిన్ అలవాటుపరులకు రోజూ కొలిచి మెథడోన్ అనే మందు ఇచ్చి, వాళ్ళు పనికి, ఇంటికి తిరిగి రాగలరని రాశారు. ఇంగ్లండులో హల్ నగరంలోని ఒక కంపెనీ ల్యాబులో 1966లో పుట్టిన బ్యూప్రినార్ఫిన్ మరో మెట్టు. మెదడులో నల్లమందు పనిచేసే తలుపుల దగ్గరే అది అతుక్కుంటుంది, కానీ సగం మాత్రమే తెరుస్తుంది. ఒక మోతాదు దాటాక ఎంత వేసినా మత్తు పెరగదు. ఊపిరి ఆగిపోయే ముప్పు బాగా తక్కువ. మత్తు మానినప్పుడు వచ్చే ఒళ్ళు నొప్పులు, ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్ర పట్టని రాత్రి, ఇవన్నీ తగ్గుతాయి. రోజుకు ఒకసారి చాలు. మింగితే కాలేయం చాలా భాగాన్ని చెడగొడుతుంది కాబట్టి నాలుక కింద పెట్టుకుని కరగనివ్వాలి.

ఇండియాలో బ్యూప్రినార్ఫిన్ బిళ్ళతో చికిత్స 1990ల్లో ఢిల్లీలో ఎయిమ్స్ డాక్టర్లు, స్వచ్ఛంద సంస్థలు మొదలుపెట్టారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో తన మూడో దశ కార్యక్రమంలో, అంటే 2007 తరవాత, దాన్ని ప్రభుత్వ చికిత్సగా తీసుకుంది. నర్సు ఎదురుగానే బిళ్ళ పెట్టించి, కరిగేదాకా చూస్తుంది. మణిపూర్‌తో పాటు కొన్నిచోట్ల మెథడోన్ కూడా 2012లో ప్రారంభమైంది. ఇది మత్తుకు బదులు మత్తు కాదు. సూది మానిన రోజున దాని గుండా హెచ్‌ఐవి సోకే దారి మూతపడుతుంది, హెపటైటిస్ సి సోకే దారి మూతపడుతుంది. రోజూ కేంద్రానికి వచ్చే మనిషికి హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ బిళ్ళలు కూడా అందుతాయి.

2004 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. మొదట తీసుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తొలినాళ్ళలో రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా పడిపోతేనే మందు. 2017 ఏప్రిల్ నుంచి పరీక్షలో తేలితే వెంటనే మందు. ఈ మార్పు మత్తు వాడేవాళ్ళకు ప్రత్యేకంగా ముఖ్యం. ఎందుకంటే "మానేశాక రా" అని తిప్పి పంపే సాకు దాంతో తీరిపోవాలి. తీరిందా? చాలాచోట్ల ఇంకా తీరలేదు.

మందుకూ మందుకూ మధ్య జరిగే గొడవ కూడా ఉంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, కొన్నాళ్ళు ఏఆర్‌టీలో ముఖ్యంగా ఉన్న ఎఫవిరెంజ్, మెథడోన్‌ను కాలేయంలో వేగంగా తగ్గించేస్తాయి. అప్పుడు మనిషికి ఒళ్ళు నొప్పులు తిరగబెడతాయి. మందు ఇచ్చినా మానలేడని జనం అంటారు. నిజానికి అతడి రక్తంలో మందు తగ్గిపోయింది. డాక్టరు మోతాదు పెంచితే సర్దుకునే విషయం. 2020 నుంచి ఏఆర్‌టీలో ఎఫవిరెంజ్ స్థానంలో డోలుటెగ్రవిర్ వచ్చాక ఈ చిక్కు చాలా వరకు తగ్గింది. క్షయ ఉన్నవాళ్ళకు మాత్రం ఆ జాగ్రత్త ఇప్పటికీ అవసరం.

సంఖ్యలు మళ్ళీ హెచ్చరిస్తున్నాయి. నాకో నిఘా లెక్కల్లో సూది వాడేవాళ్ళలో హెచ్‌ఐవి 2017లో 6.26 శాతం, 2021లో 9.03 శాతం. 2021లో దేశంలో వయోజనుల సగటు 0.21 శాతం. అంటే నలభై రెట్లకు పైగా. 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాని 22వ సెక్షను సిరంజి పంచినందుకు, బిళ్ళ ఇచ్చినందుకు చికిత్స కేంద్రాల మీద కేసు పెట్టకూడదని చెబుతుంది. 1950ల నాటి రిజిస్టరు తరవాత ఈ విషయంలో చట్టం ఇంత స్పష్టంగా రోగి పక్షాన మాట్లాడింది ఇప్పుడే.

మరి కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ లాంటి చోట్ల ఉన్న మనిషికి ఇవన్నీ ఎంత దూరంలో ఉన్నాయి? 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక పాలన కేంద్రం కర్నూలు కన్నా దగ్గరైంది. అయినా కోయిలకుంట్ల నుంచి నంద్యాలకు బస్సులో గంటకు పైగా పడుతుంది. నర్సు ఎదురుగా రోజూ బిళ్ళ తీసుకోవాలన్న నియమం నగరంలో పుట్టింది. మిర్చి, శనగ కూలికి పోయేవాడు రోజూ సగం పూట బస్సులో గడిపితే కూలి పోతుంది. కూలి పోతే మొదట మానేసేది చికిత్సనే. 2020 కరోనా లాక్‌డౌన్‌లో నాకో ఈ నియమాన్ని సడలించింది. స్థిరపడిన రోగులకు కొన్ని రోజుల బిళ్ళలు ఇంటికి ఇవ్వనిచ్చింది. అంతకుముందు ఇంటికిస్తే అమ్ముకుంటారన్న భయం అధికారుల్లో బలంగా ఉండేది. ఆ భయం పూర్తిగా కల్పితం కాదు, కానీ దాని కోసం ప్రతి ఒక్కరి కూలినీ బలిపెట్టడం న్యాయం కాదు. గ్రామీణ జిల్లాల్లో ఈ సడలింపును స్థిరం చేయడం, క్షయ మందులూ ఏఆర్‌టీ అందే చోటే బ్యూప్రినార్ఫిన్ కూడా అందేలా చూడటం, అక్కడి నర్సుకూ డాక్టరుకూ వారం రోజుల శిక్షణ ఇవ్వడం ఇవాళ ప్రభుత్వం చేయగలిగిన పనులు. హెచ్‌ఐవి గురించి అడగడానికి 1097, మత్తు మానడానికి సాయం కోసం 14446 నంబర్లు ఉచితం. ఆ రెండు నంబర్లూ బస్టాండు గోడ మీద పెద్దక్షరాలతో కనపడాలి. ఫోను చేసినవాడిని కేసు భయం లేకుండా పలకరించి, దగ్గర్లో బిళ్ళ ఎక్కడ దొరుకుతుందో చెప్పగల మనిషి అవతల ఉండాలి.